అరికాళ్లతో విన్నవాడు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. పదహారు సాంచాలు ఒక్క రేకుల షెడ్డులో ఒకేసారి ఆడుతుంటే ఆ చప్పుడు ఎట్లా ఉంటుందని మాత్రం అడక్కండి. చెప్పేవాడి మాట మీకు వినబడదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా లాభం లేదు. అందుకే సాంచాల మధ్య పనిచేసేవాళ్లు గొంతు వాడరు. పెదవులు కదిపితే చాలు, ఎదుటివాళ్లు చదువుకుంటారు. ఈ మూల నుంచి ‘చాయ్ తాగుదామా’ అని పెదవి కదిపితే ‘బీడీ గూడ పట్కరా’ అని ఆ మూల నుంచి జవాబు పెదవి మీదనే వచ్చేస్తుంది. ఇంటి గుట్లు, పెళ్లి సంబంధాలు, తిట్లు, శాపనార్థాలు అన్నీ అక్కడ నిశ్శబ్దంగానే నడుస్తాయి.

అట్లాంటి చోట ఒక మనిషికి చెవులు పోతే ఎవరు పోల్చుకుంటారు చెప్పండి? అంబదాస్‌కు పోయి ఆరేళ్లయింది. కార్ఖానాలో ఒక్కరూ పోల్చుకోలేదు.

విచిత్రమేమిటంటే ఆ కార్ఖానా మొత్తం మీద గొప్ప చెవులున్నవాడని పేరు కూడా అతనిదే. వెనక్కి తిరిగి నిలబడ్డా సరే, ఏ సాంచా మీద పడుగు పోగు తెగిందో వేలెత్తి చూపిస్తాడు. ఆ పాత సాంచాలకు పోగు తెగితే వాటంతటవి ఆగే ఏర్పాటు లేదు. మనిషి చూసుకోకపోతే గుడ్డ పొడవునా గీత పడుతూ పోతుంది, గజాలకు గజాలు ఖరాబవుతుంది. అంబదాస్ ఉన్న షిఫ్టులో గీత పడ్డ గుడ్డ రాదు. “అంబదాసన్నవి పాముచెవులు” అని యజమాని రాజం పదిమందిలో మెచ్చుకునేవాడు. మెచ్చుకుంటున్నాడని రాజం పెదవులు చూసి తెలుసుకుని అంబదాస్ నవ్వేవాడు. ఇంకేం చేస్తాడు పాపం!

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత కుక్కర్ కూత, ఆ తర్వాత భార్య అనసూర్య గాజులు. కొన్నాళ్లకు మాటల కొసలు అరిగిపోయి, చివరికి మాటలే పోయాయి. ఒక పొద్దున షెడ్డులోకి అడుగు పెట్టేసరికి పదహారు సాంచాలూ ఆడుతున్నాయి గాని చప్పుడు లేదు. రేకుల సందుల్లోంచి దిగిన ఎండలో దూది నుసి మెల్లగా తేలుతోంది. పేక నూలు మోసే నాడెలు అటూ ఇటూ ఉరుకుతున్నాయి. అంతా నీళ్లడుగున జరుగుతున్నట్టుంది. అంబదాస్‌కు భయం వేసింది. కాసేపటికి ఆ భయం కరిగి హాయిగా కూడా అనిపించింది. ముప్పై ఏళ్ల రొద తర్వాత దొరికిన నిశ్శబ్దం మరి! ఆ హాయికి తనే సిగ్గుపడి, వెళ్లి పనిలో నిలబడ్డాడు.

నిలబడ్డ కాసేపటికే కుడి అరికాలికి ఏదో తగిలింది. అయిదో సాంచా వైపు చూశాడు. పోగు తెగి ఉంది.

మగ్గం దగ్గరికి చెప్పులతో పోకూడదన్నది వాళ్ల తాతల నాటి పట్టింపు. సాంచాలొచ్చాక చాలామంది దాన్ని వదిలేశారు. అంబదాస్ వదల్లేదు. వాకిట్లో చెప్పులు విడిచి, గడపకు మొక్కి, ఉత్త కాళ్లతో గచ్చు మీదికి వచ్చేవాడు. ముప్పై ఏళ్లు అట్లా తిరిగేసరికి ఏ సాంచా ఎట్లా నడుస్తుందో అరికాళ్లకు కంఠతా వచ్చేసింది. తెగిన పోగు పక్క పోగులకు చుట్టుకుంటుంది, నాడె దారికి అడ్డం పడుతుంది, దాని పరుగు వెంట్రుకవాసి తడబడుతుంది. ఆ తడబాటు గచ్చులోంచి పాకి వచ్చి కాలికి చెబుతుంది. చెవులున్న రోజుల్లో కూడా చెప్పేదేమో, ఎవరు గమనించారు!

సరే, అక్కడితో ఆగితే అది అంబదాస్ సొంత గుట్టుగానే ఉండిపోయేది. కాని అతనికో బిడ్డ ఉంది. అలేఖ్య. ఒక్కతే బిడ్డ.

చిన్నప్పుడు అలేఖ్య బడి వదలగానే తండ్రి దగ్గరికే వచ్చేది. షెడ్డులో ఓ మూల నూలు కండెల గంప పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది. పెదవుల మాట అట్లానే నేర్చింది. తండ్రి అటు తిరిగి ఉండి ఇటు వేలెత్తడం చూసి కళ్లింత చేసుకుని ‘ఎట్ల తెలిసింది బాపూ?’ అని పెదవులతో అడిగితే, ‘ఇనబడ్డది బిడ్డా’ అనేవాడు. ఆ మాట ఆమెలో ఎక్కడ నాటుకుందో గాని, ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం వస్తానన్నా పోలేదు. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది. రొదలోంచి సమాచారాన్ని ఏరి తీయడం ఆ చదువు. ఏం వెతుకుతావని మొదటిరోజు గైడ్ మేడమ్ అడిగితే, పదహారు మగ్గాల చప్పుడులో ఒక్క పోగు తెగిన చప్పుడు వెతుకుతానంది. “మనిషికి దొరుకుతుందా అది?” అని మేడమ్ నవ్వితే, “మా బాపుకు దొరుకుతుంది. ఆయన వినగలిగింది యంత్రం ఎందుకు వినలేదు?” అంది. మేడమ్ మురిసిపోయింది. నాలుగేళ్ల పరిశోధన ఆ మాట మీద నిలబడింది.

నిలబడిందని అలేఖ్య అనుకుంది. అప్పటికే తండ్రికి చెవులు పోయి రెండేళ్లు. చెబుదాం చెబుదాం అనుకున్నాడు. ఆమె ముఖంలో వెలుగు చూసి ఒకసారి ఆగాడు. సీటు ఇచ్చామని యూనివర్సిటీ ఆమెకు పంపిన కాగితం చూసి ఇంకోసారి ఆగాడు. ఆగిన కొద్దీ నోరు రాలేదు. బిడ్డ చదువంతా లేని చెవుల మీద కట్టుకుంటోందే అని లోపల లోపల కుమిలిపోయేవాడు.

ఫోన్ సంగతి ఇంకో బాధ. అలేఖ్య మామూలుగా ఫోన్ చేస్తే చటుక్కున అనసూర్య చేతిలో పెట్టి తప్పుకునేవాడు. “వీడియో చెయ్యమను” అనేవాడు. అందులో పెదవులు కనబడతాయి కదా. అనసూర్యకు సంగతి తెలుసు. ‘చెప్పరాదు?’ అని ఎన్నిసార్లు కళ్లెర్రజేసినా, “మొత్తుకోకే, దాని చదువు గానియ్యి” అని ఆమె నోరు నొక్కేవాడు. ఒకసారి వీడియోలో అలేఖ్య బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది. నవ్వుతోందనుకుని అంబదాస్ “మంచిగైంది బిడ్డా, శాన సంతోషం” అన్నాడు. తను రాసి పంపిన పరిశోధన పేపర్‌ను పనికిరాదని తిప్పి పంపించారని, ఏడాది కష్టం బూడిదపాలైందని అలేఖ్య అప్పుడు ఏడుస్తూ చెబుతోంది. ఆ తర్వాత రెండు నెలలు ఆమె తండ్రితో మాట్లాడలేదు.

మొన్న ఎండలు ముదిరే వేళ సంచీల నిండా వైర్లు, మైకులు వేసుకుని అలేఖ్య సిరిసిల్ల వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఇంకొక్క నెలలో యూనివర్సిటీ కమిటీ కూర్చుంటుంది, ఈసారి చూపించడానికేమీ లేకపోతే పరిశోధన ఆపేయమంటారు. సాయంత్రం వాకిట్లో చాప మీద కూర్చుని, తండ్రి ముఖంలోకి చూస్తూ చెప్పుకొచ్చింది. ఎదురుగా కూర్చున్నది గనుక అంబదాస్‌కు అంతా అందింది.

“చూడు బాపూ. ముందే ఎర్కున్నది చెప్తె అది వార్త గాదు. రేపు పొద్దు పొడుస్తదని చెప్తె నీకేమన్న కొత్తనా? అనుకోనిది జరిగితెనే వార్త. ఎంత అనుకోనిదైతె అంత పెద్ద వార్త. సాంచా దినమంత ఒక్కతీరు ఆడుతది, అండ్ల వార్త లేదు. తడబడ్డప్పుడు ఉన్నది. గా వార్తనే నాకు దొరుకుతలేదు.”

“మరి మిషన్ ఏమంటున్నది?”

“బొమ్మ బొరుసు ఏసినట్టే ఉన్నది. సగం ఒప్పు, సగం తప్పు. నువ్వు మాత్రం ఒక్కపారి తప్పుతలేవు. అంటె వార్త ఆడ్నే ఉన్నది. నా మైకులకే చాతనైతలేదు.”

అంబదాస్ చాప పుల్ల ఒకటి పీకి వేళ్ల మధ్య నలిపాడు. చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు.

మూడు రోజులు పని నడిచింది. ఆరు సాంచాల పైన మైకులు వేలాడదీసింది. అంబదాస్ వేలెత్తగానే అలేఖ్య చేతిలోని మీట నొక్కేది. ఆ మీట పడ్డ చోటు చుట్టూ ఉన్న చప్పుడును కంప్యూటర్ జల్లెడ పట్టేది. ఎంత పట్టినా ఏమీ తేలలేదు. నాలుగో రోజు ఆమెకో ఆలోచన వచ్చింది. గచ్చు అదురు మైకుల్లోకి ఎక్కి చెడగొడుతోంది. “గా అదురు ఉత్త రొద బాపూ. కంప్యూటర్ల మొదలు దాన్నే తీసి పారబోస్త. అయినా పోతలేదు. కిందనే ఆపాలె.” అని వాడంతా తిరిగి పాత బొంతలు పోగుచేసుకొచ్చింది. గచ్చు మీద బొంతలు పరిచి, వాటి మీద తండ్రిని నిలబెట్టింది.

సాంచాలు ఆడాయి. అంబదాస్ కాళ్ల కింద లోకం ఆరిపోయింది.

బొంత మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది, ఏమీ చెప్పడం లేదు. ఎండలో దూది నుసి ఎప్పటిలాగే తేలుతోంది. ఒక్క క్షణం తను ఎక్కడున్నాడో కూడా తెలియలేదు. బిడ్డ మీట పట్టుకుని తన వేలి వైపే చూస్తోంది. ఎంతసేపని చూస్తుంది! వేలెత్తాడు, ఊహించి. ఆమె నొక్కింది. మళ్లీ ఎత్తాడు. ఆ పూట పదకొండు సార్లు ఎత్తాడు. పదకొండూ అబద్ధాలే.

మధ్యాహ్నం తోటి పనివాడు పరశురాములు తొమ్మిదో సాంచా ఆపేసి, గుడ్డ చేతిలో పట్టుకుని వచ్చాడు. బారెడు పొడవున గీత. రాజం వచ్చి చూసి గీతను వేలితో తడిమి, నమ్మలేక ఇంకోసారి తడిమాడు. అంబదాస్ షిఫ్టులో గీత! వెంటనే అలేఖ్య అడ్డం వచ్చింది. “తప్పు నాదే మామా. నా వైర్ల పంచాయతిల బాపు పరేషానయిండు. బాపును ఏమనకుండ్రి.”

ఆ మాటలు పలికిన పెదవులను అంబదాస్ చూశాడు. తన అబద్ధానికి బిడ్డ తలవంచి నిలబడింది. అంతకంటే రాజం చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది.

సాయంత్రం మానేరు ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. ఎండిన వాగులో ఇసుక ఇంకా వేడిగా ఉంది. కాళ్లు ఇసుకలో దూర్చాడు. ఇసుక కూడా బొంత లాంటిదే, నోరు లేనిది. కొంగలు తెల్లగా, చప్పుడు లేకుండా ఎగిరిపోతున్నాయి. చిన్నప్పటి అలేఖ్య గొంతు గుర్తు చేసుకోబోయాడు. ‘ఎట్ల తెలిసింది బాపూ?’ అనే గొంతు. ముఖం వచ్చింది, రిబ్బన్లు వచ్చాయి, ఊడిన ముందరి పన్ను కూడా వచ్చింది. గొంతు రాలేదు. ఆరేళ్ల నుంచి ఆమె గొంతు ఎట్లా ఉందో తనకు తెలియదు, ఉన్న జ్ఞాపకం కూడా జారిపోయిందన్న మాట. అంబదాస్ ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు. ఏడుపూ వినబడలేదు.

మర్నాడు పొద్దున సాంచాలన్నీ ఆడుతుండగా బిడ్డను మూడో సాంచాకూ నాలుగో సాంచాకూ మధ్య నిలబెట్టాడు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదనిపించింది. అక్కడ అందరూ చెవిటివాళ్లే.

‘నాకు ఇనబడది బిడ్డా’ అన్నాడు పెదవులతో.

‘ఏంది?’

‘చెవులు పోయినయి. ఆరేండ్లాయె. నీ మైకులల్ల తప్పు లేదు, నీ లెక్కలల్ల తప్పు లేదు. తప్పంత నా తాననే ఉన్నది. నిన్న చూపించినయన్ని ఉత్తయే.’

పరిశోధన నాశనం చేశావంటుందని, నాలుగేళ్లు ఎందుకు దాచావంటుందని అంబదాస్ కాచుకుని ఉన్నాడు. ఆమె పెదవులు కదిలాయి. ‘మరి నా పేపర్ తిప్పి పంపిండ్రంటె మంచిగైందని ఎందుకంటివి?’

‘ఫోన్ల నీ బొమ్మ ఆగిపాయె. నవ్వుతున్నవనుకున్న.’

‘నా చదువంటె నీకు లెక్కలేదనుకున్న బాపూ! ఫోన్ జేస్తె అవ్వకిచ్చి పోతుంటివి. నాతోని మాట్లాడబుద్ధి గాదనుకున్న.’ పెదవులతో మొదలుపెట్టిన పిల్ల మధ్యలో గొంతెత్తి అరిచేసింది. ఆ రొదలో అది ఎవరికీ వినబడలేదు, మెడ నరాలు ఉబ్బడం మాత్రం తండ్రికి కనబడింది. దగ్గరికి తీసుకున్నాడు. భుజం మీద ఆమె ఏడుపు అదురుగా తెలిసింది.

కాసేపటికి అలేఖ్య తల ఎత్తింది. ముక్కు తుడుచుకుంటూనే కళ్లు చిట్లించింది. లెక్క ఎక్కడో పొసగనప్పుడు చిన్నప్పటి నుంచీ అట్లానే చిట్లిస్తుంది.

‘ఇనబడకుంటె మరి ఇన్నేండ్లు పోగు తెగినట్టు ఎట్ల తెలిసింది?’

అంబదాస్ కిందికి చూశాడు. బిడ్డ కూడా చూసింది. పగుళ్లు బారిన రెండు పాదాలు, వాటి కింద బొంత.

అలేఖ్య వంగి ఒక్క ఊపున బొంత లాగి పారేసింది, తన చెప్పులు విడిచి విసిరేసింది, తండ్రి పక్కన గచ్చు మీద ఉత్త కాళ్లతో నిలబడింది. ఏమీ అర్థం కాలేదు, అంతా ఒకటే గుడగుడ. అంబదాస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు అట్లా నిలబడ్డారు. ఎక్కడో పోగు తెగింది. అతను ఆమె అరచేతిని చిన్నగా నొక్కి, వేలెత్తి చూపించాడు. ఆమె పదకొండో సాంచా వైపు ఉరికి, తెగిన పోగు కొస పట్టుకుని, పిచ్చిపట్టినదానిలా నవ్వింది.

‘పారబోసిన బాపూ! వార్తంత అదురుల్నే ఉన్నది. నాలుగేండ్లు నా చేతులతోనే తీసి పారబోసిన!’

మైకులన్నీ దింపేసింది. అదురును పట్టే రూపాయి బిళ్లంత పలుచని బిళ్లలు తెప్పించి, తండ్రి నిలబడే చోట్లన్నీ అడిగి తెలుసుకుని, ఆయన చెప్పిన చోటల్లా గచ్చుకు అతికించింది. బొంతల పూట నొక్కిన పదకొండు మీటలను కొట్టేసి, తండ్రి చేత మళ్లీ మొదటి నుంచి చూపించింది. పాత రికార్డుల్లో పారబోయకుండా మిగిలిన అదురును కూడా తవ్వి తీసింది. పదిహేను రోజులకు యంత్రం పది తెగిన పోగుల్లో ఎనిమిదింటిని పట్టడం మొదలుపెట్టింది. “ఇంక రెండు?” అని అంబదాస్ అడిగితే, “గవి నీకే ఇడిసిపెట్టిన” అంది.

మధ్యలో కరీంనగర్ తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. చెవి నరం దెబ్బతిన్నదని, చెవికి మిషన్ పెట్టినా చప్పుడు తెలుస్తుంది గాని మాట అందదని ఆయన చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె తండ్రి వైపు తిరిగి, పెదవులతో మెల్లగా అడిగింది. ‘నిజం రాయాల్నంటె నీ సంగతి రాయాలె బాపూ. చెవులతోని కాదు, కాళ్లతోని అని. రాయనా?’

పనిలోంచి తీసేస్తారేమోనని అంబదాస్ భయపడ్డాడు. అయినా ‘రాయి’ అన్నాడు. మర్నాడు తనే పోయి రాజంకు చెప్పాడు. రాజం చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని “ఏందీ?” అన్నాడు. రెండోసారి చెబితే మళ్లీ “ఏందీ?” అన్నాడు. మూడోసారికి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. “అరె, నాకూ ఇనబడ్తలేదే అంబదాసూ!” అన్నాడు రాజం కళ్లు తుడుచుకుంటూ. “ఫికర్ జెయ్యకు. గీత పడకుంటె చాలు, నువ్వు ముక్కుతోని ఇను, నాకేంది!”

కమిటీ కూర్చున్న రోజు అంబదాస్ పనికి పోలేదు. ఇంటి నడిమింట్లో నేల మీద ఒక పాత చెక్క పలక ఉంది. విప్పేసిన సాంచా తాలూకు పలక అది. హైదరాబాద్ పోయే ముందు అలేఖ్య దాని అడుగున ఓ స్పీకరును బిగించి, వైరును ఫోన్‌కు తగిలించే తీరు తల్లికి నేర్పింది. ఎందుకో చెప్పలేదు. నేను చేసినప్పుడు బాపును దాని మీద నిలబెట్టు అని మాత్రం అంది.

పగలు మూడింటికి ఫోన్ వచ్చింది. అనసూర్య ముందు చెవి దగ్గర పెట్టుకుని వింది. ఆమె ముఖం విచ్చుకుంది. ‘ఒప్పుకున్నరంట’ అని భర్తకు పెదవులతో చెప్పి, వైరు తగిలించి, చెయ్యి పట్టి అతన్ని పలక మీదికి ఎక్కించింది. అంబదాస్ కళ్లు మూసుకున్నాడు. వాకిట్లోంచి వచ్చిన ఎండ రెప్పల మీద ఎర్రగా ఉంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పలక అరికాళ్లను తాకింది. ఒక పొట్టి తట్టు, వెంట ఒక పొడుగు సాగు. ఆగింది. మళ్లీ అదే. పొట్టి, పొడుగు. సాంచాలకు లేని మెత్తదనం అందులో ఉంది, చివర ఒక వణుకు ఉంది. ఆ వణుకు తనకు తెలుసు. మూడో సాంచాకూ నాలుగో సాంచాకూ మధ్య భుజం మీద తెలిసిందే.

కళ్లు తెరవకుండానే ఫోన్ ఉన్న వైపు తిరిగి మాట్లాడాడు.

“బాపూ అని పిలుస్తవని నాకు ముందుగాల్నే ఎర్కుండె బిడ్డా. ఎర్కున్నది వార్త గాదంటివి గద. మరి గీ కండ్లల్ల నీళ్లెందుకొస్తున్నయే?”

అవతల నుంచి ఏం జవాబు వచ్చిందో గాని పలక సన్నగా, ఎడతెగకుండా అదిరింది. అనసూర్య భర్త చెంప తట్టి కళ్లు తెరిపించింది. తనూ ఏడుస్తూనే పెదవులు కదిపింది. ‘ఇంకోపారి పిలుస్తదంట. కాళ్లు తియ్యకు.’

అంబదాస్ కాళ్లు తియ్యలేదు.